చూసినది, విన్నది, అనుకున్నది

మొన్న శనివారం కందిపప్పు డబ్బాలో పోద్దామని వంటింట్లో ప్రెస్ తలుపు తీశాను. ఐర్లండులో అలమరని ప్రెస్ అంటారు, ఇన్నేళ్ళకి మా నోటికీ అదే వస్తోంది. అత్తయ్య రాజమండ్రి నుంచి పంపిన సంచీ మూతి విప్పితే పప్పు మీద గుప్పెడు ఎండు వేపాకు కనిపించింది. పురుగు పట్టకుండా ఆవిడ ఎప్పుడూ వేసేదే. ఆ చేదు వాసన ముక్కుకి తగలగానే పప్పు సంగతి మరిచిపోయి సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. గాల్వేలో మోరా ఇంట్లో పాత అట్టపెట్టె తెరిచినప్పుడల్లా ఇదే వాసన వచ్చేది. అందులో వేపాకు వేసింది సత్తిరాజు మాస్టారు. ఆయన గోదావరి పైన కొండల్లో ఒక పరిశోధనా కేంద్రం నుంచి రాసే ప్రతి ఉత్తరంలోనూ రెండు ఆకులు పెట్టి కవరు అంటించేవారట. ఆ మాస్టారిని నేను చూడలేదు. మోరాని దాదాపు ఏడాదిపాటు, వారానికి రెండుసార్లు చూశాను. ఇప్పుడు రాస్తున్నది ఆమె గురించి.

అప్పుడు మేము ఐర్లండు పడమటి తీరంలో గాల్వేలో ఉండేవాళ్ళం. మావారు మురళి అక్కడ వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో పనిచేసేవారు. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళై, పాపని కని, ఇంట్లో కూర్చున్నాను. సర్టిఫికెట్లు సూట్‌కేసు అడుగున ఉండేవి. ఒకరోజు పాప నిత్యని తీసుకుని లైబ్రరీకి వెళ్తే నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. పిల్లి తప్పిపోయిందన్న ప్రకటనకీ, యోగా క్లాసుల ప్రకటనకీ మధ్యలో, వణుకుతున్న చేత్తో గీసిన పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు: 'తెలుగు సదివేటోళ్ళు కావాలె. ఛాయ్ ఇస్తాం.' కింద ఒక ఫోన్ నంబరు. ఎవరో మన కుర్రాళ్ళు వేళాకోళానికి పెట్టారనుకున్నాను. గాల్వేలో తెలుగు కావాలన్నది ఎవరు, అదీ మా కరీంనగర్ తెలుగులో? అయినా ఫోన్ చేశాను.

తలుపు తీసింది ఎనభై దాటిన ఐరిష్ ఆవిడ. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర కుట్లు వేసిన స్వెట్టర్. నేను ఇంగ్లీషులో ఏదో అనబోయేలోగా ఆవిడే అంది:

"ఎట్లున్నవ్ బిడ్డా? లోపలికి రా, వానల తడుస్తున్నవ్."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా నాయనమ్మ పోయాక నన్ను బిడ్డా అని పిలిచినవాళ్ళు లేరు. ఆమె ఇంగ్లీషులో అన్న మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, తెలుగులో అన్నవి మాత్రం ఆమె అన్నట్టే ఉంచుతున్నాను. ఈ తేడా చెప్పకపోతే ఆమె ఒప్పుకునేది కాదు.

సంగతి ఏమిటంటే, మోరా వయసులో ఉండగా ఆ కొండల్లోని కేంద్రంలో రెండేళ్ళు పనిచేసింది. పక్షుల మీద పరిశోధన. అక్కడ వంట చేసిన యాదమ్మ ఖమ్మం వైపు మనిషి. మోరా తెలుగంతా యాదమ్మ పొయ్యి దగ్గర నేర్చుకున్నదే. సత్తిరాజు మాస్టారు మాత్రం కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చిన సైన్సు మాస్టారు. బడి అయ్యాక, సెలవుల్లో, కేంద్రానికి వచ్చి పక్షుల గూళ్ళకి కాపలా కాసేవారు. ఆమె ఐర్లండు తిరిగొచ్చి గాల్వేలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. అక్కడ గూళ్ళని ఆయన చూసేవారు, ఇక్కడ ఈమె లెక్కలు కట్టి వ్యాసాలు రాసేది. నలభై ఏళ్ళపాటు ఉత్తరాలు నడిచాయి. ఉత్తరం ఇంగ్లీషులో ఉండేది. దానితో పాటు ఆయన డైరీలోంచి ఎత్తిరాసిన కాగితాలు తెలుగులో ఉండేవి. ఆమె నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుని చదువుకునేది. ఆయన కాలం చేశాక వాళ్ళమ్మాయి ఒక పార్సిలు పంపింది. అందులో మోరా రాసిన ఉత్తరాలన్నీ ఉన్నాయి, మాస్టారి డైరీలు పదకొండు ఉన్నాయి. పార్సిలు వచ్చేనాటికి మోరా కళ్ళలో నడిమి చూపు పోయింది. మనిషి ముఖం చూస్తే చుట్టూ జుట్టు కనిపించేది, ముఖం కనిపించేది కాదు.

మొదటిరోజే ఆంటీ అని పిలిచాను, అలవాటు కొద్దీ. "నేనెవరికీ ఆంటీని కాను, మోరా అను" అంది. పేరు పెట్టి పిలవడానికి నాకు నెల పట్టింది. గారు చేర్చకుండా ఇలా ఏకవచనంలో రాయడం ఇప్పటికీ నా చేతికి ఇబ్బందిగానే ఉంది.

ఆ రోజు ఆమె పెట్టె తెరవలేదు. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. "ఇది చదువు. ఆఖరి రెండు వరుసలు." గుండ్రటి, ఒద్దికైన చేతిరాత. మూడు నిలువు గడులు గీసి ఉన్నాయి, పైన శీర్షికలు: చూసినది, విన్నది, అనుకున్నది. మొదటి గడిలో చివర ఇలా ఉంది: 'మగది రాక పదకొండు రోజులు. ఆడది పోయింది.'

"అంటే?" అంది మోరా.

"మగ పక్షి పదకొండు రోజులుగా రాలేదు. ఆడపక్షి వెళ్ళిపోయింది," అన్నాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "గ్రాండ్" అంది. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, సరే, బాగుంది, ఇక చాలు అని. తర్వాత వివరించింది. అది హార్న్‌బిల్ గూడు. మాస్టారు కొమ్ముపిట్ట అని రాసేవారు, ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఉన్న పెద్ద పక్షి. ఆడది చెట్టు తొర్రలో కూర్చుని, సన్నటి చీలిక మాత్రం వదిలి, ద్వారం మట్టితో రెట్టతో మెత్తేసుకుంటుంది. పిల్లలు ఎదిగేదాకా లోపలే. తిండి మొత్తం మగది తెచ్చి ఆ చీలికలోంచి అందించాలి. మగది రాకపోతే ఆడది ఏం చేస్తుంది? ఆ ఏడు ఒక తాండ్ర చెట్టు మీది గూటిలో మగది రావడం మానేసింది, ఎవరో వేటాడి ఉంటారు. మాస్టారు పంపిన ఈ కాగితం చదివి మోరా ఒక పక్షిశాస్త్ర పత్రికలో చిన్న వ్యాసం రాసింది: మగది రాకపోతే ఆడది గోడ పగలగొట్టుకుని వెళ్ళిపోతుంది, కాబట్టి గూళ్ళ జోలికి మనుషులు వెళ్ళనవసరం లేదు. ఆమెకి పేరు తెచ్చిన మొదటి వ్యాసం అది. గూడు ముట్టుకోవద్దు, చూడండి, రాయండి, అంతే, అని అంతకుముందే కేంద్రం గోడ మీద రాయించి వచ్చింది కూడా ఆమే.

"మరి అనుమానం ఎందుకు?" అన్నాను.

"ఆ వ్యాసం పంపితే చాలా బాగుంది అని రాశాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఆ చెట్టు పేరు ఒక్కసారి ఎత్తలేదు. ప్రతి చెట్టు గురించీ రాసేవాడు. పుట్టుకతో తెలుగు వచ్చినవాళ్ళ నోట ఒక్కసారి వినాలనిపించింది." టీ పోసింది. "విన్నాను. ఇక నిద్రపడుతుంది."

అలా మొదలైంది. ముందు ఉత్తరాలు, తర్వాత డైరీలు వరుసగా. నేను చదివేదాన్ని, ఆమె వినేది. నిత్య నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకునేది. మధ్యమధ్య మోరా దాన్ని తెలుగులో ఏదైనా అడిగితే అది అచ్చం గాల్వే యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చేది. ఇద్దరూ ఒకరి భాష ఒకరు ఎత్తుకుపోయినట్టుండేది చూడటానికి.

మూడు గడుల పద్ధతి మాస్టారిది. మోరా దాన్ని ఆయన దగ్గర నేర్చుకుని ఎన్నో ఏళ్ళు విద్యార్థుల ప్రాణం తీసింది, ఆ వంతు నాకూ వచ్చింది. ఆమె ఇంటి పొగగొట్టంలో జాక్‌డా పక్షులు గూడు పెట్టాయి, బూడిదరంగు మెడ ఉన్న చిన్న కాకులు. ఆమెకి కనిపించవు కనుక కిటికీ దగ్గర కూర్చుని నన్ను రాయమంది. నేను ఉత్సాహంగా రాసి చదివి వినిపించాను: "మగ కాకి వచ్చి ఆడదానికి తినిపించింది."

"మగదని ఎట్ల తెల్సు?"

"తినిపించింది కదా."

"నువ్వు చూసింది ఒక కాకి ఇంకో కాకి నోట్లో ఏదో పెట్టడం. మగది అన్నది మూడో గడి. తీసి అక్కడ రాయి."

ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, నాకు రోషం వచ్చింది. గడి మార్చి రాసి పెన్ను బల్ల మీద పెట్టాను. ఆమెకి నా ముఖం కనిపించదు, అయినా కనిపెట్టింది. "కోపమొచ్చిందా? అది నేను చూడలేదు, రెండో గడి. నువ్వు పెన్ను గట్టిగా పెట్టిన చప్పుడు విన్నాను," అంది. నవ్వక తప్పలేదు.

ఇంకోరోజు ఉద్యోగం మాట వచ్చింది. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నదాన్ని, ఈ దేశంలో నాకెవరూ పని ఇవ్వరు అన్నాను. పక్కింటివాళ్ళతో, ఫోన్లో అమ్మతో, అద్దంలో నాతో నేను అప్పటికి వందసార్లు అన్న మాటే. అందరూ అయ్యో అనేవాళ్ళు. మోరా అయ్యో అనలేదు.

"ఏ గడి?" అంది.

"ఏది?"

"పని ఇవ్వరు అన్నావుగా. చూసినదా, విన్నదా, అనుకున్నదా?"

ఎన్ని అప్లికేషన్లు పెట్టావని అడిగినట్టే అది. నేను ఒక్కటీ పెట్టలేదు. విన్నది అన్నాను నెమ్మదిగా. ఎవరి నోట అని అడిగింది. మురళి స్నేహితుడి భార్య నోట. ఆమె ఎన్ని పెట్టింది? తెలియదు. "అయితే అది రెండో గడి కూడా కాదు బిడ్డా, పుకారు" అంది. ఆ వారమే సూట్‌కేసు అడుగు నుంచి సర్టిఫికెట్లు తీశాను. ఆమె ఓదార్చి ఉంటే తీసేదాన్ని కాదని నమ్మకంగా చెప్పగలను.

ఆ వేసవిలో అత్తయ్య వచ్చారు. ఒక మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటూ, "అత్తయ్యా, మోరా ఇంటికి పోయొస్తా" అన్నాను. ఆవిడ కాకరకాయలు తరుగుతున్న చేయి ఆపేశారు.

"పెళ్ళై ఇన్నేళ్ళైంది, నీకు ఎన్నిసార్లు చెప్పానే అమ్మాయ్! శుభమా అని బయల్దేరుతూ ఆ పోవడమేంటి? వెళ్ళొస్తాననాలి. మా వైపు పోయారంటే ఇంక పోయినట్టే."

"మా వైపు పోయినవాళ్ళు సాయంత్రానికి తిరిగొస్తారు అత్తయ్యా," అని ఎప్పటిలాగే వెక్కిరించి బయటపడ్డాను. మా ఇంట్లో ఇది పాత కథ. కాలువ గట్టున సగం దూరం నడిచాక కాళ్ళు ఆగిపోయాయి. మా వైపు. సత్తిరాజు మాస్టారిది కోనసీమ. అత్తయ్య వైపు మనిషి.

మోరా తెలుగు యాదమ్మ తెలుగు. నా తెలుగు కరీంనగర్ తెలుగు. మా ఇద్దరికీ పోయింది అంటే మొదట తట్టేది వెళ్ళిందనే. ఆమె నలభై ఏళ్ళ కిందట చేసిన తప్పుని నేను వచ్చి, పుట్టుకతో వచ్చిన తెలుగుతో, ముద్ర వేసి రూఢి చేశాను.

అయినా అది అనుకున్నదే కదా, మూడో గడి. ఆ రోజు మోరా రేడియో వింటూ కునుకు తీస్తుంటే, మేము చదవాల్సిన వరుస దాటేసి డైరీలు తిరగేశాను. మాస్టారు పక్షి రాకపోకలు నిమిషాలతో సహా రాసేవారు. ఆరు నలభైకి మగది వచ్చింది. ఆరు యాభై రెండుకి వెళ్ళింది. తొమ్మిది పదికి వచ్చింది. తొమ్మిది పద్నాలుగుకి వెళ్ళింది. పేజీలకి పేజీలు వెళ్ళింది, వెళ్ళింది, వెళ్ళింది. పోయింది అన్న మాట మనుషుల దగ్గర మాత్రమే ఉంది. 'వాచర్ గంగరాజు తల్లి పోయింది, బడికి సెలవు.' 'నాన్నగారు పోయారు.' పక్షి విషయంలో మొత్తం డైరీల్లో ఒక్కసారే ఉంది, ఆ తాండ్ర చెట్టు గూటి దగ్గర. పక్కన టైము లేదు. మర్నాటి పేజీ మోరాకి ఆయన పంపలేదు. అందులో ఒక్క ముక్కే ఉంది: 'చెట్టు మొదట్లో పూడ్చాను.' ఏమిటన్నది రాయలేదు. చచ్చింది అని రాయడానికి ఆయనకి చేయి రాలేదు కాబోలు. మనిషికి వాడే మాట వాడారు.

అంటే ఆ పక్షి గోడ పగలగొట్టుకుని వెళ్ళలేదు. లోపలే, పదకొండు రోజులు, ఆకలితో. గూడు ముట్టుకోవద్దన్న మోరా నియమాన్ని పాటిస్తూ మాస్టారు కింద కూర్చుని చూశారు. ఆ తర్వాత ఆమె సంతోషంగా రాసిన వ్యాసం చదివి, చాలా బాగుంది అని జవాబు రాశారు.

నేను చెప్పలేదు. ఒక వారం ఆగాను, రెండో వారం ఆగాను. మురళితో అంటే, "ఆవిడకి ఎనభై మూడేళ్ళు. ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటావ్? నిద్రపడుతుంది అన్నారుగా, పోనీ" అన్నారు. అత్తయ్య కూడా అదే మాట. వాళ్ళు చెడ్డ సలహా చెప్పలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి చెడ్డ కబురు ఎప్పుడూ ఇలాగే దాస్తాం, నా పెళ్ళప్పుడు మా తాతయ్య చనిపోయిన సంగతి నాయనమ్మకి మూడు రోజులు దాచాం. కానీ మోరా ఎదురుగా కూర్చుని డైరీ చదవడం నాకు చేతకాకుండా పోయింది. ఆ సంపుటం దగ్గరపడే కొద్దీ నెమ్మదిగా చదివేదాన్ని, దగ్గు వచ్చినట్టు నటించేదాన్ని. చివరికి మూడో వారం, టీ కూడా తాగకుండా, మొత్తం చెప్పేశాను. అత్తయ్య మాట, వెళ్ళింది లెక్క, పూడ్చిన పేజీ, అన్నీ.

పైన పొగగొట్టంలో జాక్‌డా పిల్లలు అరుస్తున్నాయి.

"టైము రాశాడా?" అంది మోరా.

"లేదు."

"అయితే నిజమే. వెళ్ళి ఉంటే నిమిషంతో సహా రాసేవాడు." నా వైపు తిరిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది."

ఆమె ముఖం ఎర్రబడింది. ఆమెకి అంత కోపం రావడం అంతకు ముందూ తర్వాతా నేను చూడలేదు. "మూడు వారాలు! అతను నలభై ఏళ్ళు దాచాడు, నువ్వు మూడు వారాలు దాచావు. నా చుట్టూ అందరూ దయగలవాళ్ళే. ఆ దయ వల్ల ఎక్కడెక్కడ ఎన్ని గూళ్ళ కింద మనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారో నీకు తెలుసా? నా వ్యాసం చదివి!" అంది. ఇంటికి పొమ్మంది. తెలుగులోనే అంది, "ఇంటికి పో" అని. రా అనలేదు. రోజూ నేను పోయొస్తా అంటే పోయిరా బిడ్డా అనేది.

కాలువ గట్టున నడుస్తూ ఏడ్చాను. ఆమె తిట్టినందుకు కాదు. ఆమె అన్నది నిజమైనందుకు.

తర్వాతి మంగళవారం వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడి, వెళ్ళాను. తలుపు తీసి, "ఆలస్యమైంది" అంది, అంతే. నేను తొమ్మిదో డైరీ తెరిచాను. ముందే చూసి పెట్టుకున్న పేజీ అది. ఆ సంఘటన జరిగిన ఎన్నో ఏళ్ళ తర్వాత మాస్టారు ఇంకో గూటి దగ్గర రాసింది: 'మగది రాలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు నిచ్చెన వేసి మేడిపండ్లు చీలికలోంచి లోపలికి అందించాను. తీసుకుంది. రోజూ రెండు పూటలా పెడుతున్నాను. ఇది మోరా గారికి రాయను.' ఇరవై ఆరు రోజుల తర్వాత: 'ఏడు పదిహేనుకి ఆడది గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. ఏడు ఇరవైకి వెళ్ళింది. పిల్ల ఒకటి.'

"వెళ్ళింది అని ఉందా?" అంది మోరా.

"వెళ్ళింది. టైముతో సహా."

"దొంగ," అంది. "నా నియమం గోడ మీద ఉండగానే నిచ్చెన వేశాడు. దొంగ మాస్టర్." నవ్వుతోందనుకున్నాను. చెంపలు తడిగా ఉన్నాయి. రెండూ చూసినవే, రెండూ మొదటి గడిలోనే రాస్తాను.

ఆ రోజే సవరణ రాయడం మొదలుపెట్టాం. అదే పత్రికకి, ఆ పాత వ్యాసానికి. ఆమె చెప్పింది, నేను రాశాను. నాలుగు వాక్యాల సవరణకి నాలుగు వారాలు పట్టింది. ఆడపక్షి గూటిలోనే చనిపోయింది, పరిశీలకుడి నోట్సులోని మాటని నేను తప్పుగా చదివాను, మగది రాకపోతే గూటికి తిండి అందించవచ్చు, అలా చేసి ఆడపక్షినీ పిల్లనీ బతికించిన పరిశీలన కింద ఇస్తున్నాం. పేర్లలో మాస్టారిది ముందు, తనది తర్వాత. నేను కూడా తప్పు చదివానని రాద్దామన్నాను. "నీ తప్పు వయసు ఎనిమిది నెలలు. దానికింకా అచ్చయ్యేంత సీనియారిటీ లేదు," అంది. కానీ అనువాదం అని నా పేరు పెట్టించింది. పెళ్ళయ్యాక నా పేరు ఒక కాగితం మీద అచ్చులో రాబోతుండటం అదే మొదటిసారి.

సవరణ పంపించిన రోజు బయల్దేరుతూ, జాగ్రత్తగా, వెళ్ళొస్తాను అన్నాను. ఆమె ముఖం చిట్లించింది. "యాదమ్మ భాష ఎందుకు మారుస్తున్నావ్?"

"పోవడం మంచి మాట కాదంట."

"పోయొస్తా అంటే చివర్ల వస్తా ఉంది కద బిడ్డా. మాస్టర్ రాసిన దాంట్ల అది లేకుండె. నేను చూసుకోలే," అంది.

నెల తర్వాత ఒక ఉదయం, నిత్యకి షూ లేసులు కడుతుంటే ఫోన్ మోగింది. మోరా పక్కింటావిడ ఐలీన్. మెల్లగా, ఇంగ్లీషులో, "మోరా ఈజ్ గాన్, లవ్" అంది.

"ఎక్కడికి? హాస్పిటల్‌కా?" అన్నాను.

అవతల ఐలీన్ ముక్కు చీదుకోవడం వినిపించింది. అప్పుడు తెలిసింది నాకు. ఏ భాషలోనైనా నేను అదే తప్పు చేస్తానని కూడా అప్పుడే తెలిసింది.

ఇక్కడ పోయినవాళ్ళని ఇంట్లోనే ముందుగదిలో ఉంచుతారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, పక్క గదిలో టీ తాగి, సాండ్‌విచ్ తిని, పోయిన మనిషి చేసిన అల్లరి చెప్పుకుని నవ్వుతారు. నేను గుమ్మంలో కాసేపు ఆగిపోయాను. మా ఇళ్ళలో అలాంటి చోట పచ్చి మంచినీళ్ళయినా ముట్టుకోరు. ఐలీన్ నా చేతిలో కప్పు పెట్టింది. తాగాను. తర్వాత లోపలికి వెళ్ళాను. మోరా కొత్త స్వెట్టర్‌లో ఉంది, మోచేతుల దగ్గర కుట్లు లేకుండా. అది ఆమెది కాదన్నట్టుగా ఉంది. కిటికీ దగ్గర బల్ల మీద నేను జాక్‌డాల గురించి రాసే నోటుపుస్తకం ఎక్కడ వదిలానో అక్కడే ఉంది.

ఇప్పుడు మేము డబ్లిన్ శివార్లలో లూకన్‌లో ఉంటున్నాం. నేను డబ్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. బస్సులో గంట ప్రయాణం. ప్రోగ్రాములో తప్పు దొరికితే రిపోర్టు మూడు భాగాలుగా రాస్తాను, నేను చూసింది, వాడినవాళ్ళు చెప్పింది, కారణం ఇది కావచ్చు అనుకుంటున్నది. మా మేనేజరు ఇది ఏ కంపెనీలో నేర్చుకున్నావని అడిగారు. కోనసీమ అన్నాను. సవరణ అచ్చయిన పత్రిక ఆమె పోయిన మూడు వారాలకి వచ్చింది. అది వంటింటి ప్రెస్‌లో పై అరలో ఉంది, పక్కన జాక్‌డాల పుస్తకం. శనివారం పప్పు పోశాక ఆ వేపాకు పారేయలేదు, పుస్తకంలో పెట్టడానికి దాన్ని కిందికి దించాను. ఆఖరి పేజీ తెరుచుకుంది. ఆ రోజు మోరా ఇంటి ముందుగదిలో, కిటికీ దగ్గర నిలబడి, పెన్ను తీసుకుని నేను రాసినదే. రెండో గడిలో: 'గాన్ అని ఐలీన్ అంది.' మూడో గడిలో: 'హాస్పిటల్‌కి.' మొదటి గడి కాసేపు ఖాళీగా వదిలి, తిరిగి ఆమె వైపు చూసి, అప్పుడు రాశాను: 'మోరా పోయింది.'

పక్కన టైము వేయలేదు.